కుట్టువరసల్లో చలి

మొన్న ఒకరోజు పొద్దున వైట్‌ఫీల్డ్‌లో మా మనవరాలి ఫ్లాటులో కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి చూసుకుంటే, కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి. కాలుతున్నట్టు నాకు తెలియనే లేదు. ఆ రెండు వేళ్ళూ మొద్దుబారి ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి కాబట్టి నేను వేడి గ్లాసును ఎప్పుడూ ఎడమచేత్తోనే పట్టుకుంటాను, ఆరోజు ఏ ధ్యాసలో ఉన్నానో కుడిచేత్తో పట్టుకున్నాను. మనవరాలు చూసి కంగారుపడి, నా చెయ్యి కొళాయి కింద పెట్టి, రెండో చేత్తో ఫోనులో ఏదో వెతికి, "జేజీ, ఇది నర్వ్ ప్రాబ్లం, డాక్టర్‌కి చూపిద్దాం" అంది. వేళ్ళకు జబ్బేమీ లేదమ్మా, అవి ఎప్పుడో చలికి పోయినాయి అని చెప్పాను. బెంగుళూరులో చలా అని నవ్వి, మందు రాసి, తన కంప్యూటరు ముందుకు వెళ్ళిపోయింది.

నన్ను ఆ ఫ్లాటుకు తీసుకువెళ్ళిందే ఒక పని మీద. ఈ ఎండాకాలంలో మా తమ్ముడు పోయాడు. నేను ఏడవలేదు. హొసకోటెలో వాడి ఇంట్లో అందరూ నా మీద పడి ఏడుస్తుంటే, నేను వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందాయా, పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోతున్నాయా అని చూస్తూ తిరిగాను. మా ఇంటాయన పోయినప్పుడు నేను బాగానే ఏడ్చాను, అందుకని ఇప్పుడు మావాళ్ళకు అర్థం కాలేదు. ముసలామెకు గుండె గట్టిపడిందని ఒకరు, లోపల పెట్టుకుంటే మంచిది కాదని ఒకరు, నాలుగు రోజులు చోటు మారిస్తే బాగుంటుందని ఒకరు. అలా కాటన్‌పేట నుంచి వైట్‌ఫీల్డ్‌కు నా చోటు మారింది.

ఆ ఇంట్లో నాకు చేసే పని ఏమీ లేదు. మధ్యాహ్నం పూట మనవరాలు ఏసీ పెట్టుకుని, ఆ చలికి ఆగలేక మెత్తటి దుప్పటి ఒకటి భుజాల చుట్టూ కప్పుకుని, ఉద్యోగం చేసుకుంటుంది. కరెంటు కాల్చి చలి తెచ్చుకోవడమెందుకు, తెచ్చుకున్న చలి వద్దని దుప్పటి కొనడమెందుకు అని నేను అడిగితే, అది అలాగే జేజీ అంటుంది. దాని ఫోనులో ఊళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. మొగుడు ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్ళాడు, స్నేహితురాలు ఒకతె గువాహటిలో ఉంటుంది, ఇంకెవరో జమ్మూలో. ఒక్కొక్క ఊరి పక్కన ఆరోజు ఎంత ఎండ, ఎంత చలి అని ఒక అంకె. ఒకే దేశం, ఒకే పూట, ఇన్ని అంకెలు. నేను మూడో తరగతితో ఆపేసిన దాన్ని, నాకు ఆ అంకెల్లో తేడా తెలియదు కానీ ఆ ఊళ్ళ తేడా తెలుసు. మాకు దూది చెప్పేది.

మేం దూదేకులవాళ్ళం. మా మామగారి నాయన మదనపల్లి పక్కనుంచి విల్లు భుజాన వేసుకుని వచ్చి కాటన్‌పేట సందులో అంగడి పెట్టాడని చెప్పేవారు. నా ఈడువాళ్ళకు ఆ విల్లు చప్పుడు గుర్తుండే ఉంటుంది, పైకప్పు నుంచి వేలాడే పెద్ద విల్లు, దాని నరాన్ని కొయ్యగుండుతో మీటితే టంగు టంగుమని వీధి చివరి దాకా వినపడేది, గడ్డకట్టిన దూది ఆ దెబ్బకు విడిపోయి పాలనురుగులా లేచేది. ఏకడం మగవాళ్ళ పని, కుట్టడం ఆడవాళ్ళ పని. సూది పట్టుకునే ఈడు రాగానే నా బడి అయిపోయింది. ఆరోజుల్లో బెంగుళూరులో ఇంట్లో ఫ్యాను ఉందంటే జనం వింతగా చూసేవాళ్ళు. పొద్దున పాలవాడు మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. చలికాలం దగ్గర పడుతోందంటే చాలు, ఊళ్ళోవాళ్ళందరూ పాత రజాయిలు చంకన పెట్టుకుని మా అంగడికి వచ్చి, దూది మళ్ళీ ఏకించుకుని, కొత్త గుడ్డలో కుట్టించుకుని పోయేవాళ్ళు. మా ఇంటి రజాయికి ఏడు వరసల కుట్టు. వేరే అంగళ్ళలో నాలుగైదు వరసలతో సరిపెట్టేవాళ్ళు. మా అత్త ప్రతి వరసనూ గోటితో గీరి చూసి, వదులుంటే అక్కడికక్కడే విప్పించి మళ్ళీ కుట్టించేది. ఏడు వరసలుంటే దూది జారదు, ముద్దకట్టదు, తల్లి కప్పుకున్నది కూతురికి పనికొస్తుంది. మా ఇంటి పేరు నిలబడింది ఆ ఏడు వరసల మీదే.

మా పెళ్ళయిన కొత్తలో మా అంగడిలో పరుపులు కొనే కాంట్రాక్టరు ఒకాయన మా ఇంటాయనను పనికి పిలిచాడు. ఆయన దేశం మొత్తం మీద ఎక్కడ కాలువ తవ్వినా, వంతెన కట్టినా, పాలమూరు కూలీలను రైలెక్కించి తీసుకుపోయేవాడు. వాళ్ళకు పరుపులూ రజాయిలూ కావాలి. కుట్టినవి లారీలో వేస్తే గాలిని మోసుకుపోయినట్టే కదా, దూదీ గుడ్డా అక్కడే కొని ఒక మొగుడూపెళ్ళాన్ని తీసుకుపోతే చవక అని ఆయన లెక్క. లెక్క నాకూ నచ్చింది. కూలీలకు అన్నం వండేవాడు కూడా కావాలంటే, మా తమ్ముడు నేనొస్తానన్నాడు. అప్పటికి వాడికి మీసాలు సరిగా రాలేదు. వాడికి వంట ఎంత వచ్చో నాకు తెలియదు, మాటలు మాత్రం బాగా వచ్చు. ఏ విషయమైనా వాడి నోట్లో పడితే నవ్వులాటగానే బయటికి వచ్చేది, జ్వరమొచ్చినా అంతే, దెబ్బ తగిలినా అంతే. అందుకని వాడు నిజం చెబుతున్నాడో ఆడుకుంటున్నాడో కన్నతల్లి కూడా పట్టుకోలేకపోయేది.

మొదట రాజస్థాన్‌లో కాలువ పనికి వెళ్ళాం. అక్కడ దూది ఎండి గలగలలాడేది. విల్లు మీటితే ముద్దగా లేవాల్సింది పోగులు పోగులుగా గాల్లోకి ఎగిరి మా జుట్టుకూ కనుబొమలకూ అంటుకునేది, చీరచెంగు తగిలితే చిటపటమనేది. విల్లు నరం ఎండిపోయి మాటిమాటికీ తెగేది. పగలు ఇసుక మీద కాలు పెట్టలేం, తెల్లవారుజామున అదే ఇసుక మంచుగడ్డలా ఉండేది. పాలమూరువాళ్ళు మేం కుట్టిన పరుపులను వేసుకోవడం మానేసి కప్పుకోవడం మొదలుపెట్టారు. ఇసుక మీద వరసగా పరుపులు, వాటి కిందనుంచి బయటికి వచ్చిన కాళ్ళు. మా ఇంటాయనకు అది అవమానంగా తోచింది కానీ, నాకు మాత్రం వాళ్ళ తెలివి నచ్చింది.

ఆ తరువాత అస్సాంలో వంతెన పని. అక్కడ దూది నీళ్ళు తాగేది. ఎక్కడా తడవకపోయినా సరే, గాల్లో ఉన్న తేమనే తాగి, ఒక్కొక్క రజాయి తడిసిన దూడంత బరువయ్యేది. విల్లు టంగుమనడం మానేసి డబ్బుడబ్బుమనేది. ఒక పరుపు మూలన పుట్టగొడుగులు మొలిస్తే మా తమ్ముడు వాటిని కోసి, కూరకు పనికొస్తాయా అని నన్ను అడిగాడు. చివరికి వాడి వంటపొయ్యి మీద వెదురు దండెం కట్టి, రజాయిలను ఆ సెగకు ఆరబెట్టాం. ఆ ఏడాదంతా మనుషులు పప్పుచారు వాసన కప్పుకుని పడుకున్నారు. ఒకే దూది, అవే చేతులు, అదే విల్లు. ఊరు మారితే దాని గుణమే మారిపోయేది. మేం మాత్రం ఎక్కడికి పోయినా ఏడు వరసలు వేసేవాళ్ళం.

మూడోది కొండల్లో రోడ్డు పని. మనాలి దాటి, కనుమ ఎక్కి దిగి, అవతలికి వెళ్ళాలి. ఎండాకాలంలో వెళ్ళాం కాబట్టి దారి తెరిచి ఉంది. చెట్టు లేదు, పిట్ట లేదు, ఎటు చూసినా మట్టిరంగు కొండలు, వాటి నెత్తిన మంచు. అక్కడి ఎండ ఎలాంటిదంటే, తలుపు దగ్గర కూర్చుంటే ఎండలో ఉన్న చెంప కాలిపోయేది, నీడలో ఉన్న చెంప గడ్డకట్టేది. ఎత్తు మీద నీళ్ళు తొందరగా మరుగుతాయి కానీ అన్నం ఉడకదు. మొదటి రోజు పాలమూరు పెద్దాయన ఒకడు పళ్ళెంలో చెయ్యి పెట్టి, "ఏం తమ్మీ, బియ్యం వండినవా, గులకరాళ్ళు వండినవా?" అన్నాడు. "గులకరాళ్ళైతే ఈపాటికి ఉడికిపోయేవి కదన్నా, బియ్యం కాబట్టే ఉడకలేదు" అన్నాడు మా తమ్ముడు. ఆ తరువాత ఎవరూ అన్నం గురించి అడగలేదు.

దూది మాత్రం అక్కడ విరబూసింది. ఆ పొడిగాలికి, ఆ ఎత్తుకు, విల్లు ఒక్కసారి మీటితే చాలు, దూది పొంగుతున్న పాలలా లేచి నిలబడేది. అంత మంచి ఏకుడు మా నాయన కూడా చూసి ఉండడని మా ఇంటాయన మురిసిపోయాడు. నెలల తరబడి కూర్చుని రజాయిలు చేశాం. ఇది మామూలు చలి కాదు కాబట్టి ఏడు వరసలు చాలవు, తొమ్మిది వెయ్యమన్నాడు. వేశాను. గట్టి చలికి గట్టి కుట్టు, అంతకు మించి మాకు ఆలోచన పోలేదు. మాకే కాదు, మా సందులో ఏ ఇంటివాళ్ళను అడిగినా అదే చెప్పేవాళ్ళు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున మా తమ్ముడు పొయ్యి దగ్గరకు వచ్చి, ఒళ్ళు విరుచుకుని, "అక్కా, నీ రజాయి కప్పుకుంటే ఒళ్ళంతా చారలు చారలుగా చల్లగా ఉండాది. లేచి చూసుకుంటే పులినైపోయి ఉంటానేమో అనుకున్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ పట్టించుకోలేదు. రెండోరోజూ అదే అన్నాడు. మూడోరోజు పాలమూరు పెద్దాయన నవ్వకుండా, నాక్కూడా అట్లనే ఉంటున్నది బిడ్డా అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక రజాయిని తాడు మీద ఆరేసి, గాలి వచ్చే వైపుకు అవతల నిలబడి, కుడిచేతి వేళ్ళతో మెల్లగా తడిమి చూశాను. దూది ఉన్నచోట వెచ్చగానే ఉంది. కుట్టువరస మీదకు వేళ్ళు రాగానే సన్నటి ఇనుపతీగ తగిలినట్టు చలి. మళ్ళీ దూది, మళ్ళీ వెచ్చన. మళ్ళీ కుట్టు, మళ్ళీ తీగ. గట్టిగా బిగించి కుట్టిన చోట పైగుడ్డా కిందిగుడ్డా అతుక్కుపోయి మధ్యలో దూది అన్నదే లేదు. మేం తొమ్మిది వరసలు వేసింది చలి రాకుండా ఉండడానికి. వేసింది మాత్రం చలికి తొమ్మిది దారులు.

బెంగుళూరు చలి అంత సన్నదారిలో దూరేటంత సూటిది కాదు కాబట్టి మాకు అది ఎన్నడూ తెలియలేదు.

మంచు పడితే కనుమ మూసుకుపోతుంది, మళ్ళీ వేసవి దాకా తెరుచుకోదు. అందరం చివరి లారీలో దిగిపోవాలి, యంత్రాలకూ సామానుకూ కాపలాగా కొందరు మాత్రం ఆ చలికాలమంతా అక్కడే ఉండాలి. ఉండడానికి ఒప్పుకున్న పాలమూరువాళ్ళు, అన్నం వండేవాడు ఉంటేనే ఉంటామన్నారు. మా తమ్ముడు సరేనన్నాడు. వాడు సరేనన్న సంగతి నాకు చెప్పింది కూడా నవ్వుతూనే, చలికాలమంతా పడుకుని లేస్తే సరిపోయే ఉద్యోగం ఎవరికి దొరుకుతుందక్కా అని. నాకు నవ్వు రాలేదు. నేను కుట్టిన రజాయి కిందే వాడు ఆ చలికాలం గడపాలి.

మా ఇంటాయనకు చెప్పాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తాడు మీది రజాయిని తడిమించాను. ఆయనకూ తెలిసింది, తెలిసినట్టు ఆయన ముఖమే చెప్పింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "వరసలు విప్పితే దూది జారిపోతాది. కుట్టు విప్పిన రజాయి మా అంగడి నుంచి ఇంతవరకు బయటికి పోలేదు. విప్పిన ఇంట్లో నేను మళ్ళా విల్లు పట్టను" అన్నాడు.

"పట్టప్పా, విల్లు పట్టకుంటే ఎట్ల?" అన్నాను నేను. "మా తమ్ముడు చస్తే ముక్కులో పెట్టేదానికి దూది కావాల్సి ఉంటాది. నీ చేత్తో ఏకినదైతే బాగుంటాది."

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. నేను కూర్చుని తమ్ముడి రజాయి విప్పడం మొదలుపెట్టాను. ఒక వరస వదిలి ఒక వరస, ఒక వరస వదిలి ఒక వరస. కాసేపటికి ఆయన తిరిగి వచ్చి, మేమిద్దరం కప్పుకునే రజాయిని నా ముందు వేసి, "రెండూ కలిపి కుట్టు. దీని వరస దాని దూది మీద పడేటట్ల పెట్టు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నాకు చెప్పిన మంచి మాటలన్నీ ఒకవైపు, ఆ మాట ఒకవైపు. ఒక రజాయి కుట్టు ఉన్నచోట ఇంకో రజాయి దూది వస్తే చలికి నేరుగా దారి ఉండదు. లోపల బిగించకుండా అంచుల్లో మాత్రం పట్టిస్తే చాలు. దిగిపోయేవాళ్ళ రజాయిలన్నీ అడిగి తెచ్చాడు. లారీలో చలికి గోనెసంచులు కప్పుకుంటామన్నారు వాళ్ళు. దూది కదిలిన చోటల్లా ఆయన మళ్ళీ ఏకి సర్దుతుంటే నేను కుట్టుకుంటూ పోయాను.

ఆకాశం అప్పటికే దిగి వచ్చింది. చేతికి తొడుగు వేసుకుంటే సూది దొరకదు, తీస్తే సూది మంచుముక్క. రెండు మందాల గుడ్డలోంచి దబ్బనం లాగాలంటే చూపుడువేలూ నడిమివేలూ దాని మీద బిగించి పట్టాలి. మొదట మండాయి, తరువాత సూదులు గుచ్చినట్టయింది, ఆ తరువాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం సుఖంగానే ఉంది, పని తొందరగా సాగింది. చివరి రజాయి అంచు ముడివేసి వేళ్ళను పొయ్యి దగ్గర పెడితే తెల్లగా, మైనం వేళ్ళలా ఉన్నాయి. నొప్పి రాలేదు. నొప్పి లేదు కాబట్టి పోనీలే తగ్గిపోయిందనుకున్నాను.

మేం లారీ ఎక్కేటప్పుడు మా తమ్ముడు ఆ జంట రజాయిని భుజాల మీద వేసుకుని, నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి, రాజుగారు సెలవిస్తున్నట్టు చెయ్యి ఊపాడు. మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. ఆ సాయంత్రమే మంచు పడిందని కింద మనాలిలో విన్నాం.

ఆ చలికాలం కాటన్‌పేటలో ఎలా గడిచిందో నాకు సరిగా గుర్తు లేదు. ఉత్తరం రాదు, ఫోనన్నది లేదు, కనుమ తెరిచేదాకా వాడున్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు. మా అమ్మ హొసకోటె నుంచి బస్సులో వచ్చి, అంగడి మెట్టు మీద కూర్చుని, అమ్మకానికి పెట్టిన రజాయిలను ఒక్కొక్కటిగా చేత్తో ఒత్తి చూసి, మళ్ళీ బస్సెక్కి పోయేది. పొద్దున మంచు దిగితే చాలు, ఇక్కడే ఇంత ఉంటే అక్కడ ఎంతో అని ఊళ్ళో అందరూ మామూలుగా అనుకునే మాట నాకు మాత్రం మా తమ్ముడి గురించే అన్నట్టు వినపడేది. మా ఇంటాయన కొత్త రజాయిలకు ఐదు వరసలే చాలన్నాడు. అత్త గొణిగింది. ఐదే ఎందుకన్నది ఆమెకు మేమిద్దరమూ చెప్పలేదు.

ఎండలు ముదిరాక, ఒక మధ్యాహ్నం, వాడు అంగడి ముందు నిలబడి ఉన్నాడు. ముఖం నల్లగా కమిలిపోయి, పెదాలు పగిలి, సగానికి సగమై ఉన్నాడు. భుజాన చుట్టకట్టిన రజాయి. ఆ ఎండలో దాన్ని మోసుకుని రైలు స్టేషను నుంచి నడిచి వచ్చాడట. నన్ను చూసి అన్న మొదటి మాట, "అక్కా, చారలు పోయినాయి."

అంతే. నవ్వుతూనే అన్నాడు. నేను వాడి ముఖంలోకి చూశాను, ఏమీ తెలియలేదు. గడ్డకట్టుకుపోయి వచ్చినా వాడు ఆ మాటే అంటాడు, నేను బాధపడతానని. వాడి సంగతి నాకు తెలుసు. నా వేళ్ళ సంగతి వాడికి అక్కడే ఎవరో చెప్పి ఉంటారు, అందుకని మరీ అంటాడు. తరువాత చాలాసార్లు అడుగుదామనుకున్నాను, నిజం చెప్పరా, ఆ చలికాలం ఎలా గడిచిందిరా అని. అడిగితే ఏదో ఒక నవ్వులమాట వస్తుంది, ఆ పైన అడగడానికి ఉండదు. అలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

వాడు హొసకోటెలో పాత మద్రాసు రోడ్డు పక్కన భోజనం హోటలు పెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆ రజాయిని మాత్రం ఎవ్వరినీ ముట్టనివ్వలేదు. దూది ముద్దకట్టి ఉంటుంది ఇవ్వరా, ఏకించి ఇస్తాను అని మా ఇంటాయన ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఈలోగా మా విల్లు చప్పుడు ఆగిపోయింది. జనం ఫోం పరుపులు కొన్నారు. ఇంటింటికీ ఫ్యాన్లు వచ్చాయి, ఆ తరువాత ఏసీలు వచ్చాయి. పాత రజాయి చంకన పెట్టుకుని మా సందులోకి వచ్చేవాళ్ళు తగ్గి తగ్గి, ఒక ఏడు ఎవరూ రాలేదు. ఇప్పుడు ఆ అంగడిలో మా పెద్దవాడు రెడీమేడ్ దిండ్లు అమ్ముతున్నాడు.

ఈ వేసవిలో మా తమ్ముడు మధ్యాహ్నం అన్నం తిని, హోటలు వెనక రేకుల గదిలో కునుకు తీస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. ఎండ దెబ్బేనన్నారు. మంచులో చలికాలం గడిపి వచ్చినవాడు హొసకోటె ఎండకు పోయాడు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, ముఖం మాత్రం తెరిచి ఉంచారు. ముక్కులో దూది. మందుల షాపు నుంచి తెచ్చిన దూది, నీలంకాగితం చుట్ట ఇంకా కిటికీలో ఉంది. దూదేకులవాళ్ళ ఇంట్లో. నేను ఎవరినీ ఏమీ అనలేదు, ఆ పూటకు ఎవరైనా అదే చేస్తారు.

వాడి నుదుటి మీద రెండు వేళ్ళ కొసలు ఆనించాను. అలవాటు ప్రకారం కుడిచేతి వేళ్ళే. మరదలు నా భుజం మీద పడి, చల్లబడిపోయినాడు వదినా, చల్లబడిపోయినాడు అని ఏడుస్తోంది. నా రెండు వేళ్ళకు ఏమీ తెలియలేదు. చల్లన లేదు, వెచ్చన లేదు, బల్ల మీద పెట్టినట్టుంది. చెయ్యి మార్చి పెట్టి ఉండొచ్చు, ఎడమచేయి బాగానే ఉంది కదా. మార్చలేదు. అందరూ తెలుసుకున్న ఆ సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పనట్టే ఉంది. ఏడుపు రాకపోతే నేనేం చెయ్యను.

నలభయ్యో రోజు దాటాక వాడి ఇల్లు సర్దుతూ, ఆ రజాయిని పాతబట్టలవాడికి వేద్దామనుకున్నారు. నేను చుట్ట చుట్టి నాతో తెచ్చుకున్నాను. వైట్‌ఫీల్డ్‌లో మనవరాలు దాన్ని చూసి, డస్ట్ ఎలర్జీ వస్తుందని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పై అరలో పెట్టింది. ఇది ఏ వెదర్‌కి జేజీ అని అడిగింది. ఇక్కడిది కాదమ్మా అన్నాను.

వేళ్ళు కాలిన రోజు మధ్యాహ్నం, దాని పని మధ్యలో పిలిచి, రజాయి దించమన్నాను. దించింది. చలి పెరిగేటట్టు ఏసీ అంకె తగ్గించమన్నాను. తగ్గించింది. ఇంకా తగ్గించమన్నాను. నేను ఏసీ ఆపమనడం తప్ప ఏనాడూ పెట్టమని అనని దాన్ని కాబట్టి, అది నా ముఖంలోకి చూసి, ఎంత తగ్గుతుందో అంత తగ్గించి తలుపు వేసి వెళ్ళింది. నేను ఏసీ కిందికి మంచం జరుపుకుని, ఆ రజాయి కప్పుకుని పడుకున్నాను. కుట్టిన తరువాత దాన్ని నేను కప్పుకోవడం అదే మొదటిసారి. బరువు, పాత పొగవాసన, అంచుల్లో నా ముడులు. కాసేపటికి గది చల్లబడింది. ఎడమచేత్తో లోపలివైపు నుంచి మెల్లగా తడుముకుంటూ వచ్చాను, భుజం దగ్గర, నడుము దగ్గర, మోకాళ్ళ దగ్గర. చారలు లేవు.

ఆ కొండల చలి ముందు ఏసీ చలి ఏ మూలకూ రాదు, ఆ సంగతి నాకు తెలియదా. ఈ రజాయికి పని చెప్పే చలి బెంగుళూరులో ఇక రాదు. ఎక్కడి ఎండ అక్కడ, ఎక్కడి వాన అక్కడ, ఎక్కడి మంచు అక్కడ అని మేము దేశం తిరిగి ఒంటితో తెలుసుకున్నాం, ఇప్పటివాళ్ళకు ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే గది, ఒకటే మీట. దానికి వాళ్ళను అనాల్సిందేమీ లేదు. మాకు అలాంటి మీట ఉండి ఉంటే మేమూ నొక్కేవాళ్ళం, నా వేళ్ళు నాకు మిగిలేవి.

చాలాసేపటికి మనవరాలు తలుపు కొంచెం తీసి, "చలేస్తా ఉండాదా జేజీ? ఆపేసేదా?" అని అడిగింది.

చలి లేదన్నాను. ఆపెయ్యమని మాత్రం అనలేదు. సాయంత్రం దాకా ఏసీని అలాగే నడవనిచ్చాను.